నల్లగొండ చుట్టుపక్కల పాత రికార్డు ప్లేట్లు ఎక్కడ వెతకాలి, ఎలా చూసి కొనాలి

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. మీ తాత వాడిన సూట్‌కేసు రకం రికార్డు ప్లేయర్ అటక మీద దొరికింది. ప్లగ్గు పెడితే తిరుగుతోంది, కాని ఇంట్లో ప్లేటు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. నల్లగొండలో ఉద్యోగం, ఆదివారం ఒక్కటే ఖాళీ. ఏ అంగడికి పోవాలి, పాత ప్లేట్లలో మంచిచెడ్డలు ఎట్లా పట్టాలి, ఎంత పెట్టొచ్చు అని అడిగావు.

నేను 1980ల్లో గడియారం సెంటర్ దగ్గర ఒక రేడియో రిపేరు దుకాణంలో పని నేర్చుకున్నవాణ్ణి. క్యాసెట్లు వచ్చి జనం రికార్డు ప్లేయర్లను వదిలించుకుంటున్న రోజులవి. రిపేరుకిచ్చి మళ్ళీ రానివాళ్ళ ప్లేయర్లు, వాటితోపాటు ప్లేట్లు మా దుకాణంలో మూలన పడి ఉండేవి. జీతం బదులు అవి తీసుకుంటానంటే మా ఉస్తాద్ నవ్వాడు. ఇప్పుడు మా ఇంట్లో ఒక గది నిండా అవే. మా ఆవిడ ఆ గదిని 'గోదాం' అంటుంది.

ముందు నీ ఆశ మీద కొన్ని నీళ్ళు చల్లాలి. సినిమాల్లో చూపించినట్టు ఆదివారం అంగడిలో ప్లేట్లు అట్టపెట్టెల్లో వరసగా నిలబెట్టి ఉండటం, మనం ఒక్కొక్కటీ వేలితో జరుపుతూ చూడటం... అది మన దగ్గర జరగదు. పెబ్బేరు శనివారం అంగడికి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఎడ్లు, గొర్రెలు, పలుపుతాళ్ళు, కొడవళ్ళు, సగం ధరకు దుప్పట్లు దొరుకుతాయి. ఇన్నేళ్ళలో అక్కడ నేల మీద పరిచిన పాత సామాన్లలో నాకు దొరికిన ప్లేట్లు ఆరు. అందులో రెండు పగిలినవి.

ఎందుకు రావో తెలిస్తే ఎక్కడ ఉంటాయో తెలుస్తుంది. పాత ఇనుము కొనే బండి నీ వీధిలోకి వస్తుంది చూడు, వాడికి ప్రతి వస్తువుకూ కిలో లెక్క ఉంటుంది. ఇనుముకు ఒక రేటు, అట్టకు ఒక రేటు, ప్లాస్టిక్‌కు ఒక రేటు. ఎల్‌పీలు (పెద్ద ప్లేట్లు), ఈపీలు (చిన్న ప్లేట్లు) పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. మన తూములకు వాడే పైపుల జాతి అన్నమాట. ఒక ఎల్‌పీ బరువు 120, 150 గ్రాముల దగ్గర ఉంటుంది. కిలోకు ఏడెనిమిది తూగుతాయి, వాడికి చేతిలో పడేది నాలుగు రూకలు. అయినా ఏదో ఒక రేటు ఉంది కాబట్టి బండెక్కుతాయి. అంతకంటే పాతవైన 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు తిరిగే) ప్లేట్లకు ఆ రేటు కూడా లేదు. అవి లక్క, రాతిపొడి, మసి కలిపి చేసినవి. లాడ్‌బజార్ గాజులకు వాడే లక్కే. పాత లక్కగా కొనేవాడు ఇప్పుడు లేడు కాబట్టి బండివాడు వాటిని ముట్టుకోడు. ఇంటివాళ్ళు పెంటకుప్పలో వేస్తారు. అంటే ఎల్‌పీ, ఈపీ కావాలంటే పాత సామాన్ల గోదాముకు పోవాలి. 78 కావాలంటే ఇంటి గడప దాటకముందే పట్టుకోవాలి.

అందుకే నేను అంగడికి సామాను కోసం పోను, మనుషుల కోసం పోతాను. పాత సామాన్ల దగ్గర కూర్చున్నవాడితో ఒక చాయ్ తాగి, "ఇసొంటియి ఏమన్న కనపడితె నాకు ఫోన్ చెయ్యి" అని ఒక ప్లేటు ఫోటో చూపించి నంబరు ఇచ్చి వస్తాను. మొదటిసారి వాడు నమ్మడు. ఒకసారి మిర్యాలగూడ రోడ్డులో ఒకాయన, "గీ తవాలా సార్? మొన్ననే గోనెసంచిల ఏసి అమ్మిన" అన్నాడు. ఆ మాటకు నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. కాని ఆ తర్వాత నెలకే వాడి నుంచి ఫోన్ వచ్చింది. వాడు తెచ్చిన మొదటి కట్టలో నాకు పనికొచ్చింది ఏమీ లేదు. అయినా మొత్తం కొన్నాను. మొదటి కట్ట వెనక్కి పంపితే రెండో కట్ట నీ దాకా రాదు. దీన్ని నువ్వు ఖర్చు అనుకోవద్దు, బయానా అనుకో.

ఇప్పుడు అసలు సంగతి. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ప్లేట్లు ఎక్కువగా కొన్నది ఎవరు? దొరల గడీల్లో కొన్ని ఉండేవి, డాక్టర్లు, హెడ్‌మాస్టర్ల ఇళ్ళలో కొన్ని. కాని వందల్లో కొన్నవాళ్ళు మైక్‌సెట్ వాళ్ళు. పెళ్ళికి, జాతరకు, ఎలక్షన్లకు, పుష్పవతి ఫంక్షన్లకు యాంప్లిఫయరు, గొట్టం మైకులు అద్దెకిచ్చేవాళ్ళు. చెరువుగట్టు జాతరకో కురుమూర్తి జాతరకో పది పదిహేను రోజుల కాంట్రాక్టు దొరికిందంటే వేసిన పాటే వేయకుండా ఉండటానికి కొత్త ప్లేట్లు తేవాల్సిందే. పక్క ఊరి మైక్‌సెట్ వాడి దగ్గర కొత్త సినిమా ప్లేటు ఉండి తన దగ్గర లేకపోతే పెళ్ళివారు ఆ పక్క ఊరివాడినే పిలిచేవాళ్ళు. టూరింగ్ టాకీసుల వాళ్ళదీ ఇదే కథ. ఆట మొదలయ్యే ముందు ఘంటసాల భక్తిగీతం వేసేవాళ్ళు. అది వినపడగానే తింటున్న కంచం వదిలేసి పరుగెత్తినవాళ్ళు ఇప్పటికీ ఊళ్ళలో ఉన్నారు, అడిగి చూడు.

ఈ మైక్‌సెట్ వాళ్ళలో చాలామంది ఇప్పుడు డీజే బాక్సులు, టెంటు సామాను, షామియానాలు అద్దెకిస్తున్నారు. కొడుకులు నడుపుతున్నారు. బోర్డు మీద 'సౌండ్ సిస్టమ్స్' అని ఉంటుంది. నువ్వు కొడుకుతో మాట్లాడి లాభం లేదు, "అవన్నీ ఎప్పుడో పారేసినం అన్నా" అంటాడు. వాడికి తెలియదు. నాయన ఉన్నాడా అని అడుగు. ముసలాయన బయట మంచంలో కూర్చుని ఉంటాడు. ఆయన దగ్గర కూర్చుని, ఏ ఊరి జాతరకు పోయేవాళ్ళు, యాంప్లిఫయరు ఏది, కరెంటు లేని ఊళ్ళో బ్యాటరీ ఎట్లా పెట్టేవాళ్ళు అని అడిగితే, అరగంటలో "ఒక పెట్టె ఉండాలె పైన" అంటాడు. ఆ మాట కోసం నేను దేవరకొండ, హాలియా, కల్వకుర్తి, అచ్చంపేట తిరిగాను. ఒకచోట ఆ పెట్టె మీద కోడి గుడ్లు పెట్టి పొదుగుతోంది. పిల్లలు దిగేదాకా ఆగి మళ్ళీ పోయాను.

కాని మైక్‌సెట్ ప్లేటుకు ఒక రోగం ఉంది. బరువైన ముల్లు, అది అరిగినా మార్చకపోవడం, ఒకే పాట రాత్రంతా వేయడం. పెళ్ళి పాటలు, అప్పగింతల పాటలు, ప్రతి ఎలక్షన్‌లో వేసిన పాటలు ఉన్న వైపు గాడి అరిగి బూడిద రంగులోకి తిరిగి ఉంటుంది. అయితే ప్లేటు తిప్పి చూడు. వెనక వైపు ఎవరూ అడగని పాటలు ఉంటాయి, అది అద్దంలా నల్లగా మెరుస్తుంది. నా దగ్గర ఉన్న మంచి ఈపీల్లో సగం అట్లాంటి వెనక వైపు పాటలే. హిట్ పాట కోసమే అయితే మైక్‌సెట్ సరుకు వద్దు. ఎన్నడూ వినని పాట వినాలంటే అంతకు మించిన చోటు లేదు.

ఇంకో చోటు చెప్తాను, మనవాళ్ళకు తట్టదు. నాగార్జునసాగర్. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ పన్నెండేళ్ళూ, ఆ తర్వాత కూడా హిల్ కాలనీ, పైలాన్ కాలనీల్లో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఇంజినీర్లు, ఓవర్సీర్లు, ఆఫీసు గుమస్తాలు కాపురాలున్నారు. రేడియోగ్రాములు (రేడియో, రికార్డు ప్లేయర్ ఒకే పెట్టెలో ఉండేవి) కొనుక్కున్న తరం అది. వాళ్ళు రిటైరై క్వార్టర్లు ఖాళీ చేసేటప్పుడు మోయలేనివి పక్కవాళ్ళకు ఇచ్చిపోయారు. అక్కడ నాకు తమిళ, హిందీ ఈపీలు, కర్ణాటక సంగీతం ఎల్‌పీలు దొరికాయి. మైక్‌సెట్ సరుకులా అరగలేదు, ఇంట్లో మెల్లగా విన్నవి. మహబూబ్‌నగర్ పాతబస్తీ వైపు అయితే ఖవ్వాలీ ఎక్కువ. ఇస్మాయిల్ ఆజాద్, యూసుఫ్ ఆజాద్, షకీలా బానో భోపాలీ ఈపీలు ఒక్కో ఇంట్లో కట్టలుగా ఉండేవి. నారాయణపేట, గద్వాల దాటితే కన్నడ కలుస్తుంది. నాకు భాష రాదు, అయినా రెండు కొన్నాను.

హైదరాబాద్ సంగతి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే దాని గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల మధ్య అప్పుడప్పుడు ప్లేట్లు కనపడతాయి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో కూడా. జుమ్మేరాత్ బజార్‌లో ఎక్కువ అవకాశం, కాని పేరులోనే ఉంది, అది గురువారం. నల్లగొండ నుంచి మొదటి బస్సు ఎక్కి పోయినా నీకంటే ముందు దుకాణాల వాళ్ళు పొద్దున్నే ఏరుకుని ఉంటారు. మిగిలినవి నీకు. నేనైతే పుస్తకాల పని ఉంటేనే పోతాను.

సరే, ప్లేటు చేతికొచ్చింది. ఏం చూడాలి?

అన్నిటికంటే ముందు అది ఏ జాతిదో తెలుసుకో. 78 స్పీడుది దళసరిగా, బరువుగా ఉంటుంది, సాధారణంగా 10 అంగుళాలు. ఒక వైపుకు ఒకే పాట, మూడు నిమిషాల సంగతి. కింద పడితే పెంకులే. ఈపీ 7 అంగుళాలు, 45 స్పీడు, మన సినిమావాటిలో ఎక్కువగా వైపుకు రెండు పాటలు. ఎల్‌పీ 12 అంగుళాలు, 33⅓ స్పీడు, వైపుకు ఇరవై నిమిషాల పైనే. ఎల్‌పీలు అమెరికాలో 1948లో, 45లు ఆ మరుసటి ఏడాది వచ్చాయి. మన దగ్గర 1960లు నడిచే దాకా 78ల రాజ్యమే, ఆ పదేళ్ళలోనే ఈపీలు వాటిని మెల్లగా పక్కకు నెట్టాయి. కాబట్టి పాత నాటకాల పద్యాలు, కపిలవాయి రామనాథశాస్త్రి గొంతు లాంటివి కావాలంటే 78లే గతి. నీకు దొరికేవాటిలో ఎక్కువ భాగం కుక్కబొమ్మ హెచ్‌ఎంవీ, దాని అక్కచెల్లెళ్ళు కొలంబియా, ఓడియన్. ఇవన్నీ కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయ్యేవి. పాలిడోర్, ఇన్‌రెకో వేరే కంపెనీలు.

78ని పరీక్షించే పద్ధతి మన ఆడవాళ్ళకు తెలిసిందే. కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూస్తారు కదా. ప్లేటు మధ్య రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీసి, అంచు మీద మెల్లగా తట్టు. ఖణేల్మంటే మంచిది. డబడబమన్నా గరగరమన్నా ఎక్కడో వెంట్రుకంత చీలిక ఉంది. కంటికి కనపడని చీలిక కూడా దీనితో దొరుకుతుంది.

ఎల్‌పీ, ఈపీలను అట్ట చూసి కొనకు. అట్ట మీద ఒక సినిమా, లోపల ఇంకో సినిమా ఉండటం మామూలు. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో సీలు వేసిన కవర్లలో పన్నెండు ఎల్‌పీలు కొని, ఇంటికొచ్చి తెరిస్తే నాలుగింటిలో వేరే ప్లేట్లున్నాయి. అప్పటి నుంచి ఎంత తెలిసినవాడైనా సరే, తీసి చూడందే డబ్బు ఇవ్వను. ప్లేటును ఎండకు ఏటవాలుగా పట్టి కంటి ఎత్తులో మెల్లగా తిప్పు. పైపైన గీతలు ఎన్ని ఉన్నా భయపడకు, అవి చాలాసార్లు వినపడవు. గోరు తగిలించి చూడు. గోరుకు తట్టుకునే గీత అయితే ప్రతి చుట్టుకూ టక్ మంటుంది. గాడి వెంబడి పోయే గీత మరీ ప్రమాదం. ముల్లు అందులో ఇరుక్కుని ఒకే మాట పదేపదే పాడుతుంది, 'అరిగిపోయిన రికార్డు' అనే మాట ఊరికే పుట్టలేదు.

తర్వాత లేబుల్ మధ్య రంధ్రం చుట్టూ చూడు. చీకట్లో తడుముకుంటూ ప్లేటు పెట్టిన ప్రతిసారీ ప్లేయర్ మధ్యన నిలబడి ఉండే మేకు లేబుల్ మీద గీసుకుంటుంది. అక్కడ సాలెగూడులా గీతలుంటే ఆ ప్లేటు చాలాసార్లు వేసినట్టు. నాకు ఇది అన్నిటికంటే నమ్మకమైన గుర్తు, ఎందుకంటే ప్లేటు తుడిచి మెరిపించవచ్చు గాని లేబుల్ గీతలు తుడవలేరు. చివరగా ప్లేటును అంచు వైపు నుంచి చూడు. పళ్ళెంలా గిన్నెలా వంగి ఉంటే వద్దు. రేకుల కప్పు కింద, మన ఎండకు, పడుకోబెట్టి పైన బరువు పెట్టిన ప్లేట్లన్నీ ఇట్లాగే అవుతాయి. ఎండలో అద్దాల మధ్య పెట్టి సరిచేసే వీడియోలు ఉన్నాయి. వాళ్ళ ఎండ వేరు. నల్లగొండలో మే నెల ఎండ 45 డిగ్రీలు, నువ్వు చాయ్ తాగి వచ్చేలోపు పూలకుండీ తయారవుతుంది. మా ఊళ్ళో ఒకావిడ వేడినీళ్ళలో ముంచి నిజంగానే పూలకుండీలు చేసింది. బాగున్నాయి కూడా, ఏమంటాం.

తెల్ల మచ్చల బూజు చూసి వదిలేయకు. అది చాలా వరకు కడిగితే పోతుంది. కడగడం గురించి రెండు హెచ్చరికలు.

ఒకటి, మన బోరు నీళ్ళతో కడగవద్దు. నల్లగొండ నీళ్ళ సంగతి ప్రపంచానికే తెలుసు, ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మన ఊరి పేరే పెట్టారు. ఇక్కడ మనకు అడ్డం ఫ్లోరైడ్ కాదు, నీళ్ళు ఆరాక మిగిలే ఉప్పు. బకెట్ అంచున తెల్లగా పేరుకుంటుంది చూడు, అదే గాడిలో పేరుకుంటే ప్లేటు వేసినప్పుడు వాన పడ్డట్టు చిటపట. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ క్యాన్ దొరుకుతుంది. బ్యాటరీల్లో పోసే నీళ్ళు, యాసిడ్ కాదు, అడిగి తీసుకో. దానిలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపి, మెత్తటి బ్రష్‌తో గాడి తిరిగిన దిక్కులోనే రుద్దు, అడ్డంగా కాదు. లేబుల్ తడవనీయకు. మళ్ళీ ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, వంటింట్లో ప్లేట్లు నిలబెట్టే స్టాండులో నీడన ఆరబెట్టు. అన్నం తినే ప్లేట్ల పక్కనే నిలబెట్టి తిట్లు తిన్నాను, నువ్వు వేరే స్టాండు కొనుక్కో.

రెండు, 78 ప్లేటుకు స్పిరిట్, శానిటైజర్ ఏదీ తగలనీయకు. వడ్రంగులు తలుపులకు స్పిరిట్ పాలిష్ కొడతారు కదా, అది లక్కను స్పిరిట్‌లో కరిగించి చేసేదే. నీ ప్లేటు కూడా లక్కే. గుడ్డకు నల్లరంగు అంటుతుంటే మురికి పోతోందని మురిసిపోతావు, పోయేది పాట. నేను నేర్చుకునే రోజుల్లో ఒక 78ని ఇట్లా తుడిచి సగం పద్యం మింగేశాను. అది మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

ఇక మీ తాత ప్లేయర్. నువ్వు అడగలేదు గాని ఇది చెప్పకపోతే కొన్న ప్లేట్లన్నీ నాశనమవుతాయి. ముల్లు మార్చకుండా ఏ మంచి ప్లేటూ వేయకు. నలభై ఏళ్ళ నాటి ముల్లు అరిగి ఉలిలా ఉంటుంది, ప్రతి చుట్టుకూ గాడిని చెక్కుతుంది. అప్పట్లో చాలా ప్లేయర్లలో రెండు ముళ్ళుండేవి, చిన్న మీట తిప్పితే ఒక వైపు 78కి, ఇంకో వైపు ఎల్‌పీ, ఈపీలకి. 78 గాడి వెడల్పు, దాని ముల్లు లావు, దాదాపు మూడు రెట్లు. మీట తప్పు వైపు ఉంటే పాట బొంగురుగా వస్తుంది, ప్లేటూ పాడవుతుంది. ముల్లును పట్టి ఉంచే క్యాట్రిడ్జ్ మీద నంబరు ఉంటుంది, అది ఫోటో తీసి పెట్టు, దాన్ని బట్టే కొత్త ముల్లు దొరుకుతుంది. వజ్రం ముల్లు అడుగు. నీలమణి (శాఫైర్) ముల్లు చవక, కాని కొన్ని పదుల గంటల్లోనే అరుగుతుంది.

స్పీడు కూడా చూసుకో. ప్లేటు అంచున చిన్న కాగితం ముక్క పెట్టి, ఫోన్‌లో మూడు నిమిషాలు టైమర్ పెట్టి లెక్కపెట్టు. 33 మీద పెడితే సరిగ్గా 100 చుట్లు రావాలి. 104, 105 వచ్చిందంటే ఘంటసాల గొంతు కూడా సన్నబడుతుంది. 100 కంటే తక్కువ వస్తే లోపలి రబ్బరు చక్రం గట్టిపడి ఉంటుంది, లేదా నూనె ఎండిపోయి ఉంటుంది. పాత రేడియో మెకానిక్ ఎవరైనా గంటలో చేస్తాడు.

ఇంకో మాట. నువ్వు ఇత్తడి గొట్టం ఉన్న కీ ఇచ్చే గ్రామఫోన్ ఎక్కడైనా చూసి మోజుపడి కొనేవు. మెరిసే కొత్త ఇత్తడి, కొత్త కుక్కబొమ్మ స్టిక్కరు, పాత మోటారుకు కొత్త చెక్కపెట్టె అయితే అది అలంకారం కోసం ఇప్పుడు తయారుచేసినది. పాతదని నీ దగ్గర పాతిక వేలు గుంజుతారు. నిజమైన పాతదే దొరికినా దాని మీద 78 తప్ప ఏదీ వేయకు. దాని తల బరువు వంద గ్రాముల పైనే, స్టీలు ముల్లు ఒక్కో వైపుకు ఒకటి మార్చాలి. ఎల్‌పీ పెడితే ఒక్కసారికే చెక్కి పారేస్తుంది.

ధర. గోదాములో ఈపీకి నేను 50 నుంచి 100 ఇస్తాను, ఎల్‌పీకి 150 నుంచి 300. మైక్‌సెట్ పెట్టె అయితే ఒక్కొక్కటీ లెక్కపెట్టను, పెట్టెకు ఒక రేటు. ఘంటసాల భగవద్గీత లాంటివి ప్రతి ఇంట్లో ఉన్నాయి కాబట్టి దానికి ఎక్కువ చెప్తే నవ్వి ఊరుకో. ఈమధ్య అమ్మేవాళ్ళు ఫోన్ తీసి, "ఇగో చూడు సార్, గిదే ప్లేటు ఆన్‌లైన్ల ఎనిమిది వేలున్నది" అంటున్నారు. అది ఎవడో అడిగిన రేటు, ఎవడో ఇచ్చిన రేటు కాదు. వాదించకు, పాట వినడానికే కొంటున్నానని చెప్పి చాయ్ తాగి వచ్చెయ్. రెండు వారాలకు వాడే ఫోన్ చేస్తాడు. అయితే మైక్‌సెట్ ముసలాయనతో మాత్రం గీసి బేరం చేయకు. ఆయన ఆ ప్లేట్ల మీద సంసారం నడిపినవాడు, ఆయన చెప్పిన రేటుకు నేను ఎప్పుడూ ఒక వంద ఎక్కువే ఇచ్చాను. ఒకాయన డబ్బు వద్దని, మనవరాలి పెళ్ళికి వచ్చి ఒక ప్లేటు వేసిపొమ్మన్నాడు. ప్లేయరు భుజాన వేసుకుని పోయి వేశాను. డీజే కుర్రాళ్ళు కాసేపు బాక్సులు బంద్ చేసి నిలబడి చూశారు.

ఇంటికి తెచ్చేటప్పుడు ప్లేట్లను నిలువుగా పెట్టు, పడుకోబెట్టకు. బస్సు గుంతలో పడితే కింది 78 పైవాటి బరువుకు చిట్లుతుంది. మధ్య మధ్య అట్టముక్కలు, చుట్టూ పాత చీర, పెట్టె ఒళ్ళో. పల్లెవెలుగు బస్సులో వెనక సీటు వద్దు. కొరియర్‌లో 78 తెప్పించుకోవద్దు. నాకు ఒకసారి పార్సిల్ చేతికిస్తే లోపల గవ్వల మూటలా గలగలమంది.

ఈ ఆదివారం ఏం చేయాలంటావా? అంగడి ఏదీ వద్దు. ప్లేయరు మీట ఎటు ఉందో, క్యాట్రిడ్జ్ నంబరేమిటో చూసి ఫోటో తీసుకో. తర్వాత మీ నాన్నను అడుగు, ఆయన పెళ్ళికి మైక్‌సెట్ ఏ ఊరి నుంచి వచ్చిందో. ఆ ఊరికి పో. దసరా సున్నాలకు ఇల్లు దులపక ముందే పో. ఆ లోపు వానలు పడి రేకుల కప్పు కారితే అట్టలన్నీ తడిసి ముద్దవుతాయి, చెదలు పడతాయి. ఆ పెద్దాయనకు తీసుకెళ్ళాలంటే పళ్ళు వద్దు, ఒక జత బ్యాటరీ సెల్లులు తీసుకుపో. వాళ్ళింట్లో రేడియో ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.